అడుగుకి పావంగుళం

ఈ వానలకి పడమటి గోడ చెమ్మ లాగుతోందని అటక మీది సామానంతా దింపిస్తుంటే, పాత దుప్పట్లో చుట్టి మూడుచోట్ల పురికొసతో బిగించిన పొడుగాటి కట్ట ఒకటి బయటపడింది. ముడి విప్పకముందే లక్క పాలిష్ వాసన గుప్పున కొట్టింది. లక్కబిళ్లల్ని స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డముక్కతో చెక్కకి పట్టిస్తే వచ్చే ఆ వాసన కాస్త తియ్యగా, కాస్త మందులకొట్టులా, మిగతాదంతా మా నాన్న చొక్కాలా ఉంటుంది. దీన్ని పారేయనా దీదీ అని పనిమనిషి హిందీలో అడిగితే, పాపం ఆవిడ మీద గయ్యిమన్నాను. ఆ తర్వాత ఆ కట్ట పక్కనే నేలమీద చతికిలబడి వంట సంగతి కూడా మరిచిపోయాను.

మా నాన్న అప్పలస్వామి శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి టాటానగర్ స్టేషన్లో దిగినవాడు. ఖర్కాయి నది ఇవతలి ఒడ్డున, ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఉక్కు ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకర్‌గా కుదిరి, అక్కడే తల పండించుకున్నాడు. ఉక్కుతో ఏది పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కని ఇసకలో అదిమి తీసి, ఆ గుంటలోకి కరిగిన ఉక్కు పోస్తారు. ఆ చెక్క చేసేవాడు మా నాన్న. ఆయన చొక్కా మడతల్లో ఇంటికొచ్చే చిత్రిక పొట్టు చుట్టలే మాకు గాజులూ, జుంకాలూ. ఎండాకాలం వడగాలికి తలుపులకి తడిపిన గోనెపట్టాలు కట్టుకుని, అమ్మ కాల్చిన మినపరొట్టి బెల్లం పాకంలో ముంచుకు తింటూ, ఛఠ్ పండక్కి పక్కింటి బిహారీ చాచీ పంపిన ఠేకువాలనే తీపి బిళ్లలు దాచుకు దాచుకు కొరుకుతూ, వాన వెలిసిన సాయంత్రాలు బెంగాలీ, ఒడియా పిల్లలతో ఏడు పెంకులాట ఆడుతూ పెరిగాం మేమిద్దరం. ఇద్దరమంటే నేనూ, నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అప్ప గౌరి. మా వైపు అక్కని అప్ప అంటాం.

అన్ని పండగల్లోకీ మాకు పెద్దది విశ్వకర్మ పూజ. ఆ రోజు కొలిమి ఆర్పేసి, మిషన్లకి బంతిపూల దండలు వేసి, పనివాళ్ల పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు. ఖిచిడీ, టమాటా చట్నీ, బూందీ పొట్లం. నాన్న తన ఉలులూ, చిత్రికలూ ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చి కుంకం పెట్టేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు కాబోలు, ఆ గుడ్డ మీద ఉన్న రెండు ఉక్కు స్కేళ్లని పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటి మీదా అంగుళాలే ఉన్నాయి, కానీ ఒకదాని పన్నెండు రెండోదాని పన్నెండుని దాటి బయటికి వచ్చేసింది. "నాన్నా, నీ స్కేలు తప్పు" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు.

"తప్పు కాదే సిన్నీ," అన్నాడు నాన్న నన్ను చంకనెత్తుకుని. "ఉక్కు సల్లారితే ముడుసుకుపోతాది. అందుకని మేం ముందే పెద్దగా సేసి ఒగ్గేత్తాం. అడుగుకి పావంగుళం. ఈ స్కేలుతో కొలిత్తే ఆ లెక్క అదే సూసుకుంతాది."

కొత్తగా పనిలో చేరినవాళ్లు ఏ స్కేలు ఎక్కడ వాడాలో తెలియక తప్పు చేస్తే షాపంతా ఏడిపించేవారట. నాన్న మాత్రం ఆ పెద్ద స్కేలు తప్ప ఇంకోటి జేబులో పెట్టుకుని ఎరగడు. ఆయన చేసేవన్నీ ముడుచుకుపోయే వస్తువులే కదా.

మా ఇంట్లోకి పియానో ఎలా వచ్చిందంటే, అసలు రాలేదు. నది అవతల ఒక మిషన్ స్కూల్లో సంగీతం చెప్పే రోజ్ మిస్ అనే ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఇంట్లో పాత పియానో ఒకటి ఉండేది. వానాకాలం చెక్క ఉబ్బి, వేళ్లతో నొక్కే మెట్లు ఇరుక్కుపోతుంటే, ఎవరో చెబితే నాన్నని పిలిపించింది. నాన్న సైకిల్ మీద అప్పని వెంటబెట్టుకు వెళ్లాడు. ఆయన మెట్లు ఊడదీసి అరగదీసి మళ్లీ పెడుతుంటే, పని బాగుందో లేదో చూడమని మిస్ అప్ప చేత ఒక్కో మెట్టూ నొక్కించింది. ఆఖరికి వచ్చేసరికి అప్ప, పక్కింటి రేడియోలో పొద్దున విన్న పాట ముక్క ఒకటి తనంతట తానే వెతుక్కుని వాయించిందట. మిస్ టీ కప్పు పక్కన పెట్టేసి, వచ్చే ఆదివారం నుంచి ఈ పిల్లని పంపించు అంది.

నాలుగేళ్లు ఆదివారం తప్పకుండా అప్ప వెళ్లింది. తర్వాత మిస్ రిటైరై, కలకత్తాలో ఉన్న చెల్లెలి దగ్గరికి పియానోతో సహా వెళ్లిపోవాల్సి వచ్చింది. వెళ్లేముందు తన సంగీతం పుస్తకాలూ, ఆరు వీడియో క్యాసెట్లూ అప్పకి ఇచ్చింది. వాళ్ల బంధువెవరో విదేశాల్లో టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసి పంపినవి. అందులో ఉన్నవాళ్లందరూ ఒకప్పటి గొప్ప పియానిస్టులు, చాలామంది అప్పటికే కాలం చేశారు. ఇకమీదట నీ గురువులు వీళ్లే, చేతులు చూసి నేర్చుకో అని చెప్పింది.

గురువులు సరే, పియానో ఏదీ? అప్ప రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆదివారం. నాన్న, అమ్మ కుట్టుమిషను మీద ఉన్న టేపు చుట్టి జేబులో వేసుకుని మిస్ ఇంటికి వెళ్లాడు, నేను సైకిల్ ముందు కడ్డీ మీద. పియానో అప్పటికే సగం గోనెల్లో చుట్టేసి ఉంది. నాన్న ఆ గోనె పైకెత్తి, ఒక్కో మెట్టు పొడుగూ వెడల్పూ, నల్లమెట్టు ఎత్తూ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మొత్తం నిడివీ టేపుతో కొలుస్తుంటే, నేను క్యాలెండర్ కాగితం వెనక అంకెలు రాశాను. పెద్దపని చేస్తున్నానని నాకు తెగ గర్వంగా ఉంది.

రోజూ డ్యూటీ అయ్యాక ఫౌండ్రీలోనే, యజమాని ఒప్పుకుంటే మిగులు గమ్హార్ చెక్కతో, రెండు నెలలు చేశాడు. స్వరం పలకని చెక్కపలక మీద ఎనభై ఎనిమిది మెట్లు. కింద పాత సైకిల్ ట్యూబు పట్టీలు వేసి, నొక్కితే కాస్త దిగి మళ్లీ లేచేలా అమర్చాడు. నల్లమెట్లకి నల్లరంగు, తెల్లవాటికి ఏడు పూతల లక్క పాలిష్. దాన్ని ఇద్దరు మనుషులు రిక్షాలో పట్టుకొచ్చి మా ముందుగదిలో రెండు స్టూళ్ల మీద పెడితే, వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. అప్ప దాని ముందు కూర్చుని వేళ్లు ఆనించి ఒక్క క్షణం ఆగింది. "ఏటే, బాగోనేదా?" అన్నాడు నాన్న బెరుకుగా. "బాగుంది నాన్నా. మిస్ దానికన్నా విశాలంగా ఉన్నట్టుంది" అంది అప్ప. నాన్న పొంగిపోయాడు.

జుగ్సలాయి బజార్లో నాన్న సెకండ్ హ్యాండ్ వీసీఆర్ ఒకటి కొనుక్కొచ్చాడు. ఆదిత్యపూర్ తెలుగువాళ్లందరిళ్లలో వీసీఆర్ పెట్టారంటే సినిమా. మా ఇంట్లో పెడితే మాత్రం నల్లకోట్లు వేసుకున్న జనం దగ్గుతూ కూర్చుని ఉంటారు, బూజు పట్టినట్టున్న తెలుపు నలుపు బొమ్మలో ఒక ముసలాయన నడిచి వచ్చి, ముప్పావుగంట వంచిన తల ఎత్తకుండా వాయించి, లేచి వెళ్లిపోతాడు. ఎదురింటి పైడమ్మత్త చీర మార్చుకుని మరీ వచ్చి, చాలాసేపు ఓపిక పట్టి, "బాగుంది గానీ వొదినా, పాటెప్పుడొత్తాది?" అని అమ్మని అడిగింది. ఆ మాట మా ఇంట్లో ఏళ్ల తరబడి నవ్వుకోడానికి పనికొచ్చింది.

వాళ్ల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు, అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకావిడ నల్లగౌను మామ్మ, మెట్ల మీదికి వంగి బియ్యంలో రాళ్లేరుతున్నట్టు వాయించేది. ఒకాయన చెమటాయన. అందరిలోకీ మా అందరికీ ఇష్టమైనవాడు రుమాలాయన. ఆయన వచ్చి కూర్చోగానే జేబులోంచి తెల్లటి రుమాలు తీసి, మెట్లన్నీ ఈ చివరి నుంచి ఆ చివరికి తీరుబాటుగా తుడిచి, రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, అప్పుడు చేతులు పైకెత్తేవాడు. "అదీ పనోడంటే," అనేవాడు నాన్న. "పనిముట్టుని ముందు తుడుసుకోవాల."

సరిగ్గా అక్కడ, ఆ చేతులు గాల్లో ఉండగా, పాజ్ నొక్కడం నా ఉద్యోగం. తెరమీద తెల్లగీతలు వణుకుతూ బొమ్మ నిలబడేది. అప్ప చెక్కపలక ముందు నిటారుగా కూర్చుని, తన చేతులు కూడా అలాగే పైకెత్తి, ఊపిరి పీల్చి "ఊఁ" అనేది. నేను వదిలేదాన్ని. రుమాలాయన చేతులూ, అప్ప చేతులూ ఒక్కసారి దిగేవి. పాట టీవీలోంచి వచ్చేది, అప్ప నుంచి చెక్కమీద గోళ్ల టకటక మాత్రమే వచ్చేది. ఆయన ఎడంచెయ్యి అట్టడుగు స్వరం నుంచి ఎగిరి మధ్యలోకి దూకేచోట కెమెరా చేతుల దగ్గరికి వెళ్లేది. అక్కడ అప్ప "రుక్, రుక్! అక్కడే ఆపు సిన్నీ" అని, వెనక్కి తిప్పించి, మళ్లీ తిప్పించి, వందసార్లు దూకేది. చలికాలం చేతులు కొంకర్లు పోతుంటే కుంపటి మీద కాచుకుని, ఎండాకాలం కరెంటు పోతే టీవీ లేకుండానే నోటితో కూనిరాగం తీస్తూ, మూడేళ్లు. ఆఖరికి కళ్లు మూసుకుని దూకినా వేలు సరిగ్గా మెట్టు నడిమిన పడేది. పలక మీద నేను సుద్దతో గుర్తు పెట్టి మరీ చూశాను. ఒక్కటి కూడా తప్పేది కాదు.

అప్పకి పద్దెనిమిదో ఏట మిస్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కలకత్తాలో ఒక పాత సంగీత పాఠశాలలో ఉండటానికి చోటిచ్చి నేర్పుతారట, ఒకసారి వచ్చి వాయించి వినిపించాలట. తను అంతా మాట్లాడిందట. అమ్మ నువ్వుండలు కట్టి ఇచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముగ్గురం పొద్దుటి బండెక్కాం. దారి పొడుగునా అప్ప తన ఒళ్లో చేతులు ఆడించుకుంటూనే ఉంది. ఆ పిల్లకి కావలసింది ప్రపంచంలో అదొక్కటే అని ఆ రైలుపెట్టెలో ఉన్న కొత్తవాళ్లకి కూడా తెలిసిపోయి ఉంటుంది.

ఎత్తైన కిటికీల గదిలో, నిలువుటద్దంలా మెరిసిపోతున్న నల్లటి పెద్ద పియానో. ఎదురుగా నెరిసిన గడ్డం పెద్దాయన ఒకరు, పక్కన మిస్. అప్ప జేబురుమాలు తీసి మెట్లన్నీ తుడిచింది. నాన్న నా చెయ్యి నొక్కాడు. మొదట నెమ్మదిగా సాగే భాగం, చేతులు దగ్గర దగ్గరగా ఉండేది, ఎంత బాగా వాయించిందంటే మిస్ కళ్లు మూసుకుంది. మూడేళ్ల తర్వాత అప్ప వేళ్లకి గొంతు వచ్చింది. ఆ తర్వాత ఎడంచెయ్యి దూకే చోటు వచ్చింది. తప్పు మెట్టు. మళ్లీ దూకింది, మళ్లీ తప్పు. ఆగి, మొదటి నుంచి ఎత్తుకుంది. దూకినప్పుడల్లా చెయ్యి మెట్టు దాటి అవతల పడుతోంది. అప్ప తన చేతుల్ని, పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్నవి కావన్నట్టు, తిప్పి చూసుకుంది. ఇంకోసారి ప్రయత్నించమన్నారు. ఇంకోసారి కూడా అంతే.

పెద్దాయన కఠినుడేమీ కాదు, జాలిగానే ఇంగ్లీషులో చెప్పాడు, మిస్ హిందీలో మాకు చెప్పింది. చేతిలో మెత్తదనం ఉంది. కానీ ఈ చేతులకి దూరం తెలీదు. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. ఇంతకుముందు ఇలా లేదే అని మిస్ అప్ప చేతులు పట్టుకుని, నెల రోజులు నా దగ్గర ఉండి వాయించు తల్లీ అని బతిమాలింది. అప్ప తల అడ్డంగా ఊపింది. తిరుగుబండిలో నాన్న మాకు ఝాల్‌మూఢీ మరమరాల పొట్లాలు కొన్నాడు. ఎవరం తినలేదు, ఖరగ్‌పూర్ దాటేసరికి మెత్తబడిపోయాయి.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అమ్మా అప్పా నిద్రపోతున్నారు. నేను ముందుగదిలోకి వచ్చేసరికి నాన్న చెక్కపలక మీద అమ్మ కుట్టుటేపు పరిచి, దాని పక్కన తన జేబులోని ఉక్కు స్కేలు పెట్టి, కదలకుండా నిలబడి ఉన్నాడు. క్యాలెండర్ కాగితం మీద నా అంకెలు. మిస్ ఇంట్లో కొలిచింది టేపుతో. ఫౌండ్రీలో చెక్క కోసింది పెద్ద స్కేలుతో. అడుగుకి పావంగుళం, పియానో నాలుగడుగులు, నాలుగు పావులు ఒక అంగుళం. ఒక మెట్టు వెడల్పు కూడా ఇంచుమించు అంగుళమే. దగ్గరి మెట్ల మీద ఆ తేడా వేలికి తెలియదు, దూకేకొద్దీ పెరుగుతుంది. మా నాన్న తన కూతురికి, చల్లారితే ముడుచుకుపోయే పియానో చేసిచ్చాడు. చెక్క చల్లారేదేముంది?

ఆయన ముఖం అలా అవడం నేను అంతకుముందు చూడలేదు, అమ్మ పోయినప్పుడు కూడా మళ్లీ చూడలేదు. నన్ను చూసి టేపు చుట్టేశాడు. "సిన్నీ, అప్పకి సెప్పకు," అన్నాడు. "నానే సెప్తాను."

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ వీధంతా చాటింది. అలాంటి నా నోట్లో ఈ మాట ముప్ఫై అయిదేళ్లు నానింది. నాన్న ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకున్నాను. అప్ప పలకని తనే దుప్పట్లో చుట్టి అటకెక్కించింది, మిస్ ఉత్తరాలకి జవాబు రాయలేదు. ఆ ఏడు విశ్వకర్మ పూజకి నాన్న ఎర్రగుడ్డ మీద ఆ స్కేలు పెట్టలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని బూందీ నోట్లో కుక్కుకున్నాను. ఏళ్ల తర్వాత దగ్గుతో మంచాన పడ్డప్పుడు ఒకరోజు నాన్న నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వు సెప్పినావేటి?" అని అడిగాడు. లేదన్నాను. కళ్లు మూసుకున్నాడు. అది ఊరటో, దిగులో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్ప జుగ్సలాయిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో టైపిస్టుగా చేరింది, ఇప్పుడు అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. పెళ్లి వద్దంది, నా దగ్గరే ఉంటుంది. స్కూటీ నేర్చుకోమంటే "నా సేతులకి దూరం తెల్దు కదే" అని నవ్వుతుంది. సూదిలో దారం ఎక్కించమన్నా, ముగ్గు చుక్కలు పెట్టమన్నా, రోడ్డు దాటమన్నా అదే మాట. ఎవరో ఒకసారి అన్న మాటని ఒంటిమీద పచ్చబొట్టులా మోసింది మా అప్ప. ఆ నవ్వు విన్న ఒక్కసారి కూడా నేను నోరు విప్పలేదు. పోయిన నాన్నని దోషిని చెయ్యడం నాకు చేతకాలేదు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

కట్ట బయటపడ్డ ఆ రోజు సాయంత్రం మా అమ్మాయి పలకని చూసి ఇదేమిటని అడిగింది. చెప్పాను. పిల్ల ఫోనులో ఏదో వెతికి, పాత పియానో కచేరీలు ఒక్కొక్కటీ తిప్పుతూ పోయి, "యే వాలా?" అంది, ఇదేనా అన్నట్టు. రుమాలాయన! తెల్లగీతలు లేవు, బూజు లేదు, ఆయన కోటు గుండీ మీది మెరుపు కూడా కనిపిస్తోంది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన అప్ప చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చూసింది. కుడిచెయ్యి తనకి తెలియకుండానే చీర కుచ్చిళ్ల మీద కదిలింది. "పెద్దమ్మా, ఆప్ బజాతీ థీఁ?" నువ్వు వాయించేదానివా అని పిల్ల ఆశ్చర్యంగా అడిగింది. "నా సేతులకి దూరం తెల్దమ్మా" అంది అప్ప, ఎప్పటిలా నవ్వుతూ.

ఇక నావల్ల కాలేదు. నాన్న రేకుపెట్టెలోంచి ఆ స్కేలు తెచ్చాను, టేపు తెచ్చాను, పలక మీద రెండూ పక్కపక్కన పెట్టి, ఆ ఆదివారం సంగతి మొత్తం చెప్పేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు అప్పా, ఎప్పుడూ లేదు అన్నాను. అప్ప వంగి, టేపు మీది పన్నెండో గీత దగ్గర వేలుపెట్టి, స్కేలు మీది పన్నెండు దాకా జరిపింది. పావంగుళం. చాలాసేపు ఆ పావంగుళం మీదే వేలు ఉంచింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"అప్పుడే సెప్పుంటే," అంది మెల్లిగా, "నాన్న ఇంకోటి సేసీవోడు కదే."

అంతే. రెండు నెలల పని. మిగులు చెక్క ఫౌండ్రీలో ఎప్పుడూ ఉండేది. నాన్నకీ నాకూ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టని సంగతి అది. సిగ్గుతో ఆయనా, ప్రేమ అనుకుని నేనూ నోరు మూసుకున్నాం, మా ఇద్దరి మధ్యా మా అప్ప జీవితం జారిపోయింది.

ఆ ఫౌండ్రీ ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఫ్లాట్లు లేచాయి, కింద మొబైల్ షాపు. చెక్కతో ప్యాటర్నులు చేసే చేతులు ఇక్కడ నాకు తెలిసి ఎవరివీ మిగల్లేదు, అవి మిషన్లే చేస్తున్నాయట. వీసీఆర్ పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు, క్యాసెట్లకి తెల్లబూజు పట్టింది. మిస్ పోయింది, అమ్మ పోయింది, పాటెప్పుడొత్తాది అని అడిగిన పైడమ్మత్త పోయింది. మా చిన్నప్పుడే చచ్చిపోయి ఉన్న ఆ క్యాసెట్లలోని ముసలివాళ్లు మాత్రం ఒక్క రోజు కూడా వయసు పెరగకుండా అలాగే ఉన్నారు.

మర్నాడు అప్పకి సెలవు. పలకని తుడిచి మళ్లీ రెండు స్టూళ్ల మీద పెట్టాను, కుర్చీ వేశాను. అప్ప వచ్చి కూర్చుంది. ఫోను ఎదురుగా నిలబెట్టాను. రుమాలాయన నడిచి వచ్చి, మెట్లన్నీ తుడిచి, రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, చేతులు పైకెత్తాడు. పాజ్ నొక్కాను. అప్ప "ఊఁ" అంటుందని చూస్తూ కూర్చున్నాను. అప్ప చేతులు ఒళ్లోంచి లేవలేదు.